కడిగిన కాళ్ళు

పీఠం దగ్గర సేవ చేసేవాడికి చేతులు పనిచేస్తే చాలు, మనసు పనిచేయకపోయినా పూజ ఆగదని బాలరాజుకు భార్య పోయాకే తెలిసింది. ఫాదర్ చేయి చాపితే ముందు ద్రాక్షారసం సీసా ఇవ్వాలి, తర్వాత నీళ్ళ సీసా. వేళ్ళు చాపితే నీళ్ళు పోసి తుండు అందించాలి. అప్పం పైకెత్తినప్పుడు గంట కొట్టాలి. ఇవన్నీ అతని చేతులకు ఎప్పుడో ఒంటబట్టాయి. సాలమ్మను మట్టిలో పెట్టి వచ్చిన వారానికే మళ్ళీ తెల్ల అంగీ తొడుక్కుని పీఠం పక్కన నిలబడ్డాడు. చేతులు ఎక్కడా తడబడలేదు. దానికి సంతోషించాలో సిగ్గుపడాలో కూడా అతనికి తోచలేదు.

అది పిల్లలు చేసే పని కదా, యాభై దాటిన మనిషికి ఎందుకని కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతుంటారు. పిల్లలు దొరికితే పిల్లలే చేద్దురు. శామీర్‌పేట, మేడ్చల్ మధ్య ఊళ్ళన్నీ ఇప్పుడు ప్లాట్లూ, కాంపౌండు గోడలూ, స్కూళ్ళూ. ఆదివారం పొద్దున పిల్లలను ట్యూషన్‌కు పంపి, తల్లిదండ్రులు మాత్రం పూజకు వచ్చి వాళ్ళ ర్యాంకుల కోసం ప్రార్థించుకుంటారు. స్కూలు బస్సు నడిపే బాలరాజుకు ఆదివారం సెలవు. అందుకని ఆ పని అతని మీద పడింది, పడి అక్కడే ఉండిపోయింది.

సాలమ్మ పోయింది కూడా ఒక ఆదివారం పొద్దున్నే. వానాకాలంలో జ్వరం వచ్చింది. జ్వరమే కదా అనుకునేలోపు కిడ్నీలదాకా పోయింది. ఆసుపత్రిలో రాత్రంతా కూతురు అంకిత తల్లి పక్కన కూర్చుంది. బాలరాజు తలుపు దగ్గరే నిలబడ్డాడు. సూది చూస్తే అతనికి కళ్ళు తిరుగుతాయి. అంకిత పుట్టినరోజు కూడా ఆసుపత్రి ముందున్న చాయ్ హోటల్లో కూర్చుని, ఎవరో వచ్చి ఆడపిల్ల అని చెప్పేదాకా లోపలికి అడుగుపెట్టలేదు. ఇంట్లో ఎలుక చచ్చినా చీపురు తన చేతికే ఇస్తాడని సాలమ్మ నలుగురిలో నవ్వేది.

తెల్లవారాక స్నానం చేసి వస్తానని ఇంటికి వచ్చాడు. ఆదివారం కదా, పీఠం దగ్గర ఎవరూ ఉండరని గుడికి వెళ్ళాడు. పూజ సగం దాటాక పక్క తలుపు దగ్గరికి ఉపదేశి గాలయ్య వచ్చాడు. ఫాదర్ లేనప్పుడు జపాలు చెప్పించి, గుడి తాళాలు చూసుకునే ముసలాయన గాలయ్య. చేతిలో ఫోను పట్టుకుని రమ్మన్నట్టు చేయి ఊపాడు. బాలరాజు చూశాడు. చూసి ముఖం తిప్పుకున్నాడు. జనం దివ్యసత్ప్రసాదపు అప్పం తీసుకున్నారు, ఫాదర్ పాత్ర కడిగాడు, బాలరాజు నీళ్ళు పోశాడు, సీసాలు తుడిచాడు, చివరి పాట అయ్యేదాకా నిలబడ్డాడు. బయటికి వచ్చేసరికి సాలమ్మ లేదు.

అతను చూశాడని గుడి అంతటికీ తెలుసు. దాన్ని దాచాలని అతను అనుకోలేదు, గాలయ్యకు నోరు ఊరుకోదు. మన జనానికి ఎదుటివాడి నెత్తిన కిరీటం పెట్టడమంటే ఎంత సరదా! ముళ్ళు గుచ్చుకునేది వాడి నెత్తికే కదా. అప్పటి ఫాదర్, సాలమ్మ సమాధి దగ్గరే ప్రసంగంలో చెప్పేశాడు: భార్య ప్రాణం పోతున్నా బలిపూజ వదలని మనిషి మన బాలరాజు, ఇలాంటి విశ్వాసం ఈ రోజుల్లో ఎక్కడుంది అని. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. కౌకూర్‌లో ఎవరో తమ గుడిలో కూడా ఈ కథ చెప్పుకున్నారట. బాలరాజు తల వంచుకుని విన్నాడు. అవునని అనలేదు, కాదని అనలేదు. అదే భక్తి అయివుంటుందిలే అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. వేరే పేరు పెట్టడానికి ధైర్యం చాలలేదు.

అంకిత మాత్రం ఆ ప్రసంగం సగంలో లేచి వెళ్ళిపోయింది. తల్లి నలభయ్యో రోజు పూజకు వచ్చినప్పుడు తండ్రి ముందు నిలబడి ఒక్కటే మాట అంది.

“మీ నాయినేడి అని అమ్మ అడిగింది. నేనేం చెప్పాలె? నీకు నీ దేవుడున్నడు గద, ఆయన్నే సూస్కో. ఇగ నాతోటి నీకేం పని.”

ఆ తర్వాత మాట లేదు. ఆమె యాప్రాల్‌లో భర్త ప్రణయ్‌తో ఉంటుంది. శామీర్‌పేట దాటాక ఉన్న మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్లో పని. కంపెనీ బస్సు రోజూ బాలరాజు ఇంటి సందు ముందు నుంచే పోతుంది. అతను ఫోను చేస్తే ప్రణయ్ ఎత్తి, “మంచిగున్నది మామా, స్నానానికి పోయింది” అంటాడు. పాపం, మంచివాడు. అబద్ధం ఒక్కటే వచ్చు, దాన్నే వాడుకుంటాడు.

బాలరాజుకు ఆకలి తెలియడం పోయింది, ఎండ తెలియడం పోయింది. వంటకు ఉప్పు వేశాడో లేదో తిన్నాక కూడా తెలిసేది కాదు. బస్సులో పిల్లలు అరిచినా కోపం రాదు. ఏడుపు రాలేదు, సమాధి దగ్గరికి పోవాలని అనిపించలేదు, పోలేదు. మనిషిలో మిగిలిన ఆశ ఒక్కటే: కూతురు ఒకసారి నాయినా అని పిలవాలి. ఆ ఆశ కూడా లేకపోతే తను స్టీరింగు పట్టుకున్న కొయ్యబొమ్మ అని అతనికి తెలుసు.

ఇంతలో పాత ఫాదర్‌కు బదిలీ అయి, గుంటూరు వైపు నుంచి కుర్ర ఫాదర్ వచ్చాడు. ఆయన వచ్చాక, ఈస్టర్ ముందు వచ్చే పవిత్ర గురువారం ఇదే మొదటిది. ఆ సాయంత్రం ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగిన దానికి గుర్తుగా, ఫాదర్ పన్నెండుమంది కాళ్ళు కడుగుతాడు. పీఠసేవకుడు చెంబు, పళ్ళెం, తుండ్లు పట్టుకుని ఆయన వెంట నడవాలి. ఈసారి పన్నెండుమందిలో ఆడవాళ్ళనూ కూర్చోబెడదామన్నాడు ఫాదర్. పేర్లు పోగుచేసే పని గాలయ్యది.

కాళ్ళు కడిగించుకోవడం వినడానికి చిన్న పనే. చేసేవాళ్ళకు తెలుసు అదెంత పరేషానో. నలుగురిలో చెప్పులు విప్పి పాదం చాపాలంటే ఎవరికైనా బిడియమే. అందుకే పిలుపు అందినవాళ్ళు ఇంట్లోనే సబ్బుతో రుద్ది, గోళ్ళు తీయించుకుని, మడమలకు కొబ్బరినూనె రాసుకుని, సాక్సులు తొడిగి కాళ్ళను పెళ్ళికొడుకుల్లా తెస్తారు. ఆడవాళ్ళు పసుపు లేని లోటు నెయిల్ పాలిష్‌తో తీరుస్తారు. కడిగిన కాళ్ళనే మళ్ళీ కడగడం ఈ గుడి ఆచారం. ప్రభువు కడిగినవి యెరూషలేము దుమ్ములో నడిచిన కాళ్ళని ఎవరూ గుర్తు చేయరు, గుర్తు చేస్తే బాగుండదు.

సాయంత్రం గుడి నిండింది. మహిమ పాట పాడేటప్పుడు బాలరాజు గంట మోగించాడు. అది ఆగాక మళ్ళీ ఈస్టర్ పూజదాకా గంట ముట్టుకోకూడదు, దాని బదులు చెక్కతో చప్పుడు చేయాలి. ఇదివరకు ఆ గంట ఆగిపోయినప్పుడు అతనికి గుండె ఝల్లుమనేది. ఇప్పుడు గంటయినా చెక్కయినా ఒకటే.

ప్రసంగం అయ్యాక పన్నెండు కుర్చీలు పీఠం ముందు వరుసగా వేశారు. పదకొండుమంది వచ్చి కూర్చున్నారు. పన్నెండో కుర్చీ ఖాళీ. అందులో కూర్చోవలసిన ప్లాట్ల వ్యాపారి మేడ్చల్ చౌరస్తాలో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నానని గాలయ్యకు ఫోను మీద ఫోను చేస్తున్నాడు. గాలయ్య తల గోక్కుంటున్నాడు. ఫాదర్ అటూ ఇటూ చూసి, వెనక తలుపు దగ్గర గోడకు ఆనుకుని నిలబడ్డ మనిషిని, “అమ్మా, మీరు రండి” అని చేయి ఊపి పిలిచాడు. ఆయన కొత్త, ఆమె ఎవరో ఆయనకు తెలియదు.

ఆమె అంకిత.

జనమంతా వెనక్కి తిరిగి చూశారు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఫాదర్‌కు అది బిడియంలా కనబడింది, నవ్వి మళ్ళీ పిలిచాడు. పక్కనున్న ముసలమ్మలు, “పో బిడ్డా, పో. పిలిస్తే పోవాలె” అని ఆమెను దాదాపు నెట్టారు. అంత మందిలో కాదని బయటికి నడిచిపోలేక, చున్నీ తల మీదికి లాక్కుని వచ్చి పన్నెండో కుర్చీలో కూర్చుంది. తండ్రి ముఖం చూడలేదు.

బాలరాజు కూడా పళ్ళెం వైపే చూస్తూ నిలబడ్డాడు. కూతురు వచ్చిందని కళ్ళు చెప్పాయి, ఆ కబురు లోపలికి చేరలేదు. ఫాదర్ పైవస్త్రం తీసి, నడుముకు తుండు చుట్టుకుని మొదటి కుర్చీ ముందు మోకరించాడు. ఆయన చెంబుతో నీళ్ళు పోస్తాడు, బాలరాజు కింద పళ్ళెం పడతాడు, చేతి మీది తుండ్లలోంచి ఒకటి అందిస్తాడు. ఆయన తుడిచి, పాదం ముద్దుపెట్టుకుని, పక్క కుర్చీ ముందుకు జరుగుతాడు. సబ్బు వాసన, నూనె వాసన. ఒకావిడ కాలి గోళ్ళకు తళుకులు. పదకొండుమంది పాదాలు కడిగినా పళ్ళెంలో నీళ్ళు తేటగా ఉన్నాయి. కావాలంటే అవే నీళ్ళు మళ్ళీ చెంబులో పోసుకోవచ్చు.

పన్నెండో కుర్చీ ముందు ఫాదర్ మోకరించాడు. అంకిత కుర్చీ కిందికి లాక్కున్న పాదాన్ని మెల్లగా ముందుకు చాపింది.

పాదం నిండా మట్టి. వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద, చీలమండ దాకా తడిసి సగం ఎండిన ఎర్రటి మట్టి. ముందు వరుసలో ఎవరో నాలుక చప్పరించారు. ఫాదర్ నీళ్ళు పోశాడు. చేత్తో రుద్దాడు. మళ్ళీ పోశాడు. బాలరాజు పట్టుకున్న పళ్ళెంలో తేట నీళ్ళు ఎర్రబడ్డాయి.

గుడి ఆవరణలో నేలంతా నల్లమట్టి, కంకర. ఎర్రమట్టి ఉన్నది ఒక్కచోటే, సమాధుల మూలన. గుంతలు పూడ్చడానికి తెప్పించిన మొరం అది. ఆ వానాకాలం బాలరాజు కూడా గుప్పెడు తీసి సాలమ్మ పెట్టె మీద వేశాడు. మళ్ళీ ఈ రోజే చూస్తున్నాడు. తను అడుగుపెట్టని చోటుకు కూతురు వస్తూ పోతూ ఉందని, తనకు చెప్పకుండా ఇదే ఆవరణలోకి వచ్చి తల్లి దగ్గర కూర్చుని పోతూ ఉందని అతనికి అర్థమైంది. చేతిలో పళ్ళెం బరువెక్కింది. సాలమ్మ మీది మట్టి తన చేతుల్లో ఉంది.

ఫాదర్ చేయి చాపాడు. బాలరాజు తుండు ఇవ్వలేదు.

ఇన్నేళ్ళలో అతని చేతులు చాపిన చేతికి బదులు చెప్పకపోవడం అదే మొదలు. పాట ఒక చరణం అయిపోయి, ఇంకోటి ఎత్తుకోవాలో వద్దో తెలియక గాయకులు ఆగిపోయారు. “బాలరాజుగారూ, తుండు” అని ఫాదర్ మెల్లగా అన్నాడు. అప్పటికీ కదలిక లేదు. ఆయనే చేయెత్తి బాలరాజు చేతి మీది తుండు తీసుకుని, తుడిచి, ఆ పాదం ముద్దుపెట్టుకుని లేచాడు.

ముందు వరుసలో కూర్చున్న ఒకావిడ పక్కావిడతో అన్న మాట అంకితకూ, బాలరాజుకూ స్పష్టంగానే వినబడింది. “సూడు, ఎంత భక్తిల మునిగిండో. గందుకే గాయన్ని గంత మెచ్చుకుంటరు.”

అంకిత లేచి, కడిగిన పాదంతోనే వెనక తలుపు గుండా బయటికి వెళ్ళిపోయింది.

పూజ జరగవలసినట్టే జరిగింది. దివ్యసత్ప్రసాదాన్ని పక్క పీఠానికి ఊరేగింపుగా తీసుకుపోయి, జనం అక్కడ మోకాళ్ళ మీద ఆరాధనలో కూర్చున్నారు. పెద్ద పీఠం మీది గుడ్డలు తీసి దాన్ని ఉత్తగా వదిలేయడం మిగిలింది, అది గాలయ్య మొదలుపెట్టాడు. కాళ్ళు కడిగిన నీళ్ళు మోరీలో పారబోయకూడదు, మట్టిలోనే పోయాలి. బాలరాజు పళ్ళెం తీసుకుని బయటికి నడిచాడు. ఎప్పుడూ కొబ్బరిచెట్టు మొదట్లో పోసేవాడు. ఇవాళ కాళ్ళు ఆ చెట్టు దాటి సమాధుల మూలకు వెళ్ళాయి.

ఇంకా వెలుతురుంది. అంకిత తల్లి తలాపున వంగి, కొత్తగా నాటిన నందివర్ధనం మొక్క చుట్టూ మట్టి ఎగదోస్తోంది. పక్కన ఖాళీ నీళ్ళ సీసా. కుళాయిలో నీళ్ళు రావడం లేదు. తెచ్చుకున్న నీళ్ళన్నీ మొక్కకే పోసినట్టుంది. తండ్రి అడుగుల చప్పుడుకు తలెత్తి, మళ్ళీ దించుకుంది.

“గీ నీళ్ళు ఈడ పోయనా?” అన్నాడు బాలరాజు.

ఆమె కొంచెం పక్కకు జరిగింది. అతను వంగి మొక్క మొదట్లో పళ్ళెం వంచాడు. ఎర్రనీళ్ళు ఎర్రమట్టిలోకి ఇంకిపోయాయి.

“ఇగో, ఇయ్యాల గూడ మెచ్చుకున్నరు నిన్ను,” అంది అంకిత, మొక్కను చూస్తూనే. “నాకు పక్కనే ఇనవడ్డది. ఏడికి పోయినా గిదే. మా కంపెనీల గూడ ఒకామె అంటది, మీ నాయిన దేవుని మనిషంట గద అని.”

“భక్తి గాదు బిడ్డా.”

ఆమె చేయి ఆగింది.

“గాలయ్య తలుపుకాడ చెయ్యి ఊపిండు. సూడంగనే నాకు సమజైంది,” అన్నాడు బాలరాజు. గొంతులో ఎత్తుపల్లాలు లేవు, బస్సు స్టాపులు చెప్పినట్టు చెబుతున్నాడు. “బయటికొస్తే జెప్తరు. జెప్పేదాక మీ అమ్మ ఉన్నట్టే గద. గందుకే ఆడనే నిలవడ్డ. దేవుడు యాదికి లేడు, పూజ యాదికి లేదు. సీసలు తుడిసిన. తుడిసినయే మళ్ళ తుడిసిన. పాట ఐపోవద్దని సూసిన. భయమైంది, గంతే. అందరు భక్తి అన్నరు, నేను గూడ ఔననుకుంట ఊకున్న.”

ఆరాధనలో జనం జపం చెబుతున్న చప్పుడు గుడి గోడల్లోంచి సన్నగా వస్తోంది. అంకిత మొక్క దగ్గరే చతికిలబడింది. మట్టిచేతులు ఒళ్ళో పెట్టుకుంది.

“నీకు నేను సగమే జెప్పిన,” అంది వాటినే చూస్తూ. “మీ నాయినేడి అని అమ్మ అడిగింది, నిజమే. గాలయ్య తాతకు ఫోన్ జేసిన, వస్తుండు అన్న. అప్పుడు అమ్మ నా చెయ్యి వట్టుకొని, ఎందుకు జేసినవ్ బిడ్డా, ఆయన సూడలేడు, భయపడ్తడు, ఆడనే ఉండనియ్యి అన్నది. నువ్వు రావని ఎరికై, నిన్ను ఎనకేసుకొస్తుందనుకున్న. నాకు మస్తు కోపమొచ్చింది. గా ముక్క నీకు జెప్పబుద్ధి గాలే.” ఆమె ముక్కు ఎగబీల్చింది. “ఎనకేసుకొచ్చుడు గాదు. ఎరికే అమ్మకు. నువ్వు యాడ నిలవడ్డవో, ఎందుకు నిలవడ్డవో అమ్మకు ఎరికే ఉండె నాయినా.”

బాలరాజు పళ్ళెం కింద పెట్టాడు. పెట్టాననుకున్నాడు, అది చేతిలోంచి జారి రాయి మీద పడి మోగింది. మొక్క పక్కన మోకరించాడు. తడిమట్టి చల్లగా తగిలింది, చల్లగా ఉందని తెలిసింది. లోపలినుంచి వచ్చిన ఆ శబ్దం తనదేనని అతనికి కాసేపు తెలియలేదు. అంకిత మట్టిచేతులతోనే అతని తెల్ల అంగీ భుజం పట్టుకుంది.

గుడిలో జపం మధ్యలో ఆగిపోయింది. కిటికీల దగ్గరికి ఒకరిద్దరు వచ్చి చూసి, వెనక్కి వెళ్ళిపోయారు. ఆ ఏడుపును భక్తి అనడానికి ఎవరికీ నోరు రాలేదు.